చాటెడు తవుడుకు కొన్న పిల్ల

అది 1964. కందికోతలు ముగిసి, ఎండలు ఇంకా ముదరని రోజులు. నేను వికారాబాదు వచ్చి అప్పటికి ఏడాది కావస్తోంది. హైదరాబాదులో సైకాలజీ చదివి, బడిపిల్లల మనసుల మీద పరిశోధన చేస్తానంటూ ఒక ట్రంకుపెట్టె, ఒక పరుపుచుట్ట పట్టుకుని దిగినదాన్ని. వికారాబాదులో బడి వెనక పని చేసుకోవడానికి నాకొక గది ఇచ్చారు. అక్కడి నుంచి తాండూరు దాకా ఉన్న బడులన్నీ నా పరగణా. పొద్దున పాసింజరు ఎక్కడం, ధారూరులోనో తాండూరులోనో దిగడం, పిల్లలతో మాట్లాడి సాయంత్రం బండికి తిరిగి రావడం, ఇదీ నా ఉద్యోగం.

ఏం పనమ్మా నీది అని అడిగినవాళ్లకు సమాధానం చెప్పలేక నా ప్రాణం పోయేది. నేను అద్దెకున్న ఇంటావిడ మొహం మీదే అనేసింది: "పిల్లలకు మనసేందమ్మా? వాళ్లకేం ఫికరుంటది? కడుపునిండ తింటరు, ఆడుకుంటరు, పంటరు." నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "అయితే మీ మనవడు గోళ్లు నెత్తురొచ్చేదాకా ఎందుకు కొరుక్కుంటున్నాడో చెప్పండి" అన్నాను. ఆవిడ వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఆ తర్వాత మనవణ్ని తనే వెంటబెట్టుకుని నా గదికి వచ్చింది, అది వేరే సంగతి.

ఈ పని గురించి అడిగే కుర్రవాళ్లకు నేను ఎప్పుడూ పెంటమ్మ కథే చెబుతాను. మిగతా పేర్లన్నీ మార్చాను గానీ ఆ పేరు మార్చలేదు. మారిస్తే కథ ఉండదు. పైగా ఆ సీమలో పెంటమ్మలు కోకొల్లలు.

వికారాబాదు గుట్ట మీద టీబీ ఆసుపత్రి ఉండడం వల్ల ఆ చుట్టుపక్కల పిల్ల కాస్త చిక్కిందంటే తల్లిదండ్రుల గుండెలో రాయి పడేది. అలా గుండె పట్టుకుని తాండూరు నుంచి ఒక తల్లి కూతుర్ని తీసుకొచ్చింది. డాక్టరుగారు ఎక్స్‌రే తీశారు. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. కడుపు చూశారు, నెత్తురు చూశారు, ఏమీ లేదు. ఆయన మంచి మనిషి. ఏమీ లేదు పొమ్మనకుండా, కింద బడి వెనక గదిలో ఒకావిడ ఉంది, ఒకసారి చూపించుకో అని పంపారు. మా భాషలో దీన్ని రిఫరల్ అంటాం, అంటే ఒకరి చేతికి అందనిది ఇంకొకరికి అప్పజెప్పడం.

వాళ్లు గుమ్మంలోకి వచ్చినప్పుడు ముందు నాకు కనిపించింది పిల్ల కాదు, పిల్ల చంకలో ఉన్న పసివాడు. ఆరేడు నెలల వాడు, బొద్దుగా ఉన్నాడు. వాణ్ని మోస్తున్న పిల్లకు తొమ్మిదేళ్లుంటాయి. చేతులు జొన్నదంట్లు. వాడి బరువుకు నడుము ఒక పక్కకు వంగిపోయింది, అయినా తల్లికి ఇవ్వడం లేదు.

తల్లి పేరు అనంతమ్మ. భర్త మొగులప్ప తాండూరు దగ్గర నాపరాళ్ల గనిలో పనిచేస్తాడట. కూర్చోగానే మొదలుపెట్టింది.

"తింటలేదు డాక్టరమ్మా. దసర సంది గిట్లనే ఉన్నది. రెండు బుక్కలు నోట్లేసుకుంటది, కడుపు నిండింది అంటది, లేస్తది. టీబీయేమో అని మస్తు పరేషానైనం. ఫొటువ తీసిన్రు, ఏం లేదన్నరు. ఏం లేకుంటె ఎందుకు తినదు?"

"నేను డాక్టర్ను కానమ్మా."

"సరే డాక్టరమ్మా" అంది.

అల్లరి చేస్తుందా, మొండికేస్తుందా అని అడిగాను. "అల్లరంటె దీనికి ఎర్కనే లేదు. చెప్పకముందే ఇల్లు ఊడుస్తది, నీళ్లు తెస్తది, పిల్లగాన్ని ఎత్తుకుంటది. వాడకట్టోళ్లందరు మెచ్చుకుంటరు" అంది. తొమ్మిదేళ్ల పిల్ల మీద తల్లికి ఒక్క ఫిర్యాదు కూడా లేదంటే నా పనిలో అది మంచి కబురు కాదు. బడిలో బల్లలు విరగ్గొట్టే పిల్లవాణ్ని అందరూ నా దగ్గరికి లాక్కొస్తారు. నోరెత్తకుండా చాకిరీ చేసే పిల్లను ఎవరూ తీసుకురారు. ఈ పిల్ల కూడా చిక్కిపోబట్టి వచ్చింది గానీ, బుద్ధిగా ఉన్నందుకు రాలేదు.

తర్వాత కేస్ హిస్టరీ మొదలుపెట్టాను. పుట్టినప్పటి నుంచి ఇవాళ్టి దాకా పిల్ల కథను తల్లి నోట వినడమే కేస్ హిస్టరీ. "నీకు ఈ పిల్లకు ముందు పిల్లలున్నారా?" అని అడిగాను. అనంతమ్మ కొంగు తీసి నోటికి అడ్డం పెట్టుకుంది. కొంగు తీయకుండానే తల అడ్డంగా ఊపింది. ఆ కొంగు సంగతి నేను మనసులో పెట్టుకున్నాను, గుచ్చి గుచ్చి అడగలేదు.

ఇంకొకటి కూడా నా చెవిన పడింది. ఆ ప్రాంతంలో ఆడపిల్లను ఎవరైనా 'బిడ్డా' అనే పిలుస్తారు. గాజులమ్మే ముసలాయన, బస్సు కండక్టరు, చివరికి నా మీద కోపంగా ఉన్నప్పుడు ఇంటావిడ కూడా నన్ను "గట్ల కాదు బిడ్డా" అనేది. కానీ ఈ తల్లి గంటసేపు నా ఎదురుగా కూర్చుని, కూతుర్ని "ఏయ్", "ఇది", "దీన్ని" అందే తప్ప ఒక్కసారి కూడా బిడ్డా అనలేదు. ప్రేమ లేదా అంటే, పిల్ల దగ్గితే చాలు ఆమె మొహంలో నెత్తురుచుక్క ఉండడం లేదు. నాకు అంతు చిక్కలేదు.

తల్లిని బయట అరుగు మీద కూర్చోబెట్టి పిల్లతో ఆడుకున్నాను. ఇది ప్లే టెక్నిక్. పెద్దవాళ్లయితే మాటల్లో చెప్పుకుంటారు, పిల్లలు ఆటలో చెబుతారు. నా ట్రంకుపెట్టెలో గుడ్డబొమ్మలు, మట్టి పొయ్యి, లక్క పిడతలు, చిన్న చాట ఉండేవి. పెంటమ్మ చాలాసేపు వాటిని ముట్టుకోలేదు. తర్వాత మెల్లగా ఇల్లు సర్దింది. పొయ్యి పెట్టింది, ఊడ్చింది. నాన్న బొమ్మకు, అమ్మ బొమ్మకు, చిన్న బొమ్మకు అన్నం పెట్టింది. ఆడపిల్ల బొమ్మను పొయ్యి పక్కన నిలబెట్టింది.

"ఈ పిల్లకు పెట్టవా?" అన్నాను.

"గీ పిల్లకొద్దు. గీ పిల్ల పని జేస్తది."

"ఆకలి కాదా దానికి?"

బొమ్మ కేసి చూసి, "అయితది" అంది.

"మరి తినొచ్చుగా?"

"తింటె పంపిస్తరు."

ఎక్కడికి అని అడిగాను. బొమ్మలన్నీ తీసి పెట్టెలో వరసగా పెట్టి, మూత కూడా తనే వేసింది. బయట తమ్ముడి ఏడుపు వినబడితే పరుగెత్తుకెళ్లి ఎత్తుకుంది. ఆకలి ఉంది. ఉండి కూడా తినడం లేదు. ఎవరు నేర్పారు ఈ పసిదానికి?

రెండు రోజుల తర్వాత తాండూరులో ఆ పిల్ల చదివే బడికి వెళ్లాను. అక్కడ మధ్యాహ్నం పిల్లలకు పాలపొడి కలిపిన పాలు, గోధుమనూక ఉప్మా పెట్టేవారు. నేను వెళ్లేసరికి పెంటమ్మ వరసలో కూర్చుని ఆకులో ఉప్మా తింటోంది. తింటోంది అంటే మామూలుగా కాదు. ఆకు తుడిచి, వేళ్లు నాకి, మళ్లీ చెయ్యి చాచింది.

"ఈ పిల్ల తినదని వాళ్లమ్మ ఏడుస్తోందండీ" అన్నాను బడి సారుతో.

"గీ పిల్లనా?" ఆయన నవ్వాడు. "అడిగి అడిగి పెట్టించుకుంటది మేడం. మిగిలితె గోకి తింటది."

పెంటమ్మ పక్కన చతికిలబడి, ఇంట్లో ఎందుకు తినవని అడిగాను. ఇది కూడా తెలియదా అన్నట్టు చూసింది నన్ను. "గిది ఇంట్లది కాదు గదా. సర్కారుది" అంది.

అంటే జబ్బు కడుపులో లేదు. ఒకచోట ఆవురావురుమని తిని ఇంకోచోట నోరు కట్టేసుకుంటే, వెతకాల్సింది ఆ ఇంకోచోట. ఆ సాయంత్రమే వాళ్లింటికి వెళ్లాను.

గనికి దగ్గరగా ఉన్న వాడకట్టు అది. గోడలు నాపరాళ్లే, పైకప్పు నాపరాళ్లే, నీళ్ల బాన కింద కూడా నాపరాయే. మొగులప్ప అప్పుడే పని నుంచి వచ్చాడు. తలనిండా రాతిదుమ్ము. సరదా మనిషి. నాకు పీట వేసి, చాయ్ తెప్పించి, కొడుకును ఒళ్లో వేసుకుని కూర్చున్నాడు. పక్కింటి నీలవ్వ కూడా నన్ను చూడడానికి వచ్చింది. ఏభై దాటిన విధవరాలు. సేడం అవతలి నుంచి వచ్చిన మనిషి, మాటల్లో సగం కన్నడం. పిల్లలు లేరు. రాగానే పెంటమ్మను దగ్గరికి లాక్కుని జుట్టు సర్దడం మొదలుపెట్టింది.

"మీ అమ్మాయి చాలా పనిమంతురాలు" అన్నాను మొగులప్పతో, ఏదో ఒకటి అనాలని.

"మా పిల్లేడిది మేడం!" అని పకపకా నవ్వాడు. "పెంట మీద దొరికింది. దేవుణ్నడుగు."

"దొరుకుడేంది? నేను కొన్న" అంది నీలవ్వ. "చాటెడు తవుడు పోసి కొన్న. నన్న మగళు, నా బిడ్డ. ఇన్ని దినాలు మీ ఇంట్ల పెట్టిన, అంతె. తీస్కపోత ఒకనాడు."

"తీస్కపో నీలవ్వా. ఇగ మాకు కొడుకున్నడు. ఇంట్ల నోళ్లు ఎక్కువైనయి" అన్నాడు మొగులప్ప.

అందరూ నవ్వారు. అనంతమ్మ నవ్వలేదు, పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది. పెంటమ్మ మాత్రం నవ్వింది, పెద్దవాళ్లు నవ్వారు కాబట్టి. నవ్వుతూనే లేచి చీపురు తీసుకుని, అప్పుడే ఊడ్చిన వాకిలి మళ్లీ ఊడవడం మొదలుపెట్టింది.

నా చేతిలో చాయ్ చల్లారిపోయింది. ఆ ఆనవాయితీ సంగతి నాకు తెలియంది కాదు. పుట్టిన పిల్లలు వరసగా పోతున్న ఇంట్లో, మళ్లీ పుట్టిన బిడ్డను పెంటకుప్ప మీద పడుకోబెడతారు. పక్కింటివాళ్లెవరో చాటెడు తవుడు ఇచ్చి కొనుక్కున్నట్టు ఎత్తుకుని, పెంచమని మళ్లీ తల్లి చేతికే ఇస్తారు. పెంటమ్మ, పెంటయ్య అని పేరు పెడతారు. ఎవరికీ అక్కర్లేని పిల్ల కాబట్టి మృత్యువు కూడా తిరిగి చూడదని నమ్మకం. ఇదంతా పెద్దవాళ్లకు తెలుసు. ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు. దానికి చెప్పిందల్లా చివరి ముక్కే, అది కూడా వేళాకోళంగా.

స్టేషన్‌కు దారి చూపించమని పెంటమ్మనే వెంట తీసుకెళ్లాను. ఇద్దరం రాళ్లబండ్ల వెనక నడుస్తున్నాం. "నువ్వు పెంట మీద దొరికావంటే నిజమనుకుంటున్నావా?" అని అడిగాను.

"నిజమే. అందరంటరు."

"తమ్ముడు కూడా దొరికాడా?"

"లే. వాణ్ని అమ్మనే కన్నది. మంత్రసాని వచ్చింది, నేను సూసిన. వాణ్ని పెంట మీద పెట్టలే. వాడు వాళ్లోడే." మళ్లీ తనే, "నోళ్లు ఎక్కువైనయి అంటడు నాయిన. నేను తినకుంటె నోరు ఎక్కువ కాదు గదా. పని గూడ జేస్తున్న. ఇగ ఎందుకు పంపిస్తరు?" అంది.

"నీలవ్వ మంచిదే కదా? ఆమె ఇంటికి పోతే ఏం?"

"మంచిదే" అంది. "గాని గాడ అమ్మ ఉండదు."

నేను ఏడ్చాను. ఏడవకూడదని మాకు పాఠాల్లో చెబుతారు. రోడ్డు మీద రాళ్లబండ్ల దుమ్ములో నిలబడి ఏడ్చాను, ఆ పిల్ల నా చీరకొంగు పట్టుకుని ఊరుకో ఊరుకో అంది. దానికి అలవాటైన పనే కదా, తమ్ముణ్ని ఊరుకోబెట్టినట్టే నన్నూ ఊరుకోబెట్టింది.

ఇంత తెలిశాక పని సులువే అనుకున్నాను. తల్లి ఒక్కసారి దగ్గరికి తీసుకుని, నువ్వు నా కడుపున పుట్టావు, నువ్వు నాకు కావాలి అని చెబితే చాలు. ఆ రాత్రి బండెక్కకుండా బడి సారు ఇంట్లో ఉండిపోయి, మర్నాడు పొద్దున్నే అనంతమ్మ దగ్గరికి వెళ్లాను. పిల్ల బడికి పోయింది, మొగులప్ప గనికి పోయాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. జొన్నపిండిలో చెయ్యి పెట్టి అలాగే బిగుసుకుపోయింది ఆ తల్లి. తర్వాత పిండి చేత్తోనే తల బాదుకుంది.

"దాని నోట్లె మన్నువడ! గట్లనుకున్నదా? పంపుతననుకున్నదా?"

"అందుకే నువ్వు చెప్పాలి. ఇవాళే చెప్పు."

అనంతమ్మ కొంగు తీసి నోటికి అడ్డం పెట్టుకుంది. "నేననను" అంది.

"ఎందుకనవు?"

"అనను డాక్టరమ్మా. నోటితోని అంటె పోతది."

నాకు ఒళ్లు మండిపోయింది. "అనకపోతే పోయేట్టుంది, కనబడటం లేదా నీకు? ఎముకలు లెక్కపెట్టొచ్చు దానివి! ఏం తల్లివమ్మా నువ్వు?" అని అరిచాను. పక్కింట్లో నీలవ్వ రోకటి చప్పుడు ఆగిపోయింది.

అనంతమ్మ నా మీద కోప్పడలేదు. నాతో కాదు, పిండితో మాట్లాడుతున్నట్టు తలొంచుకుని చెప్పింది.

"ముగ్గురు పోయిన్రు దీనికి ముందుగాల. ముగ్గుర్ని నా బిడ్డ, నా కొడుకు అని ముద్దుజేసిన. నెల తిరగలే. ఇది పుట్టినంక మా అత్త పెంట మీద పెట్టుమన్నది. పెట్టంగ నేను సూడలే, కండ్లు మూసుకున్న. అది ఏడుస్తున్నది. రైకంత పాలు కారుతున్నయి. నీలవ్వ తవుడు పోసి ఎత్తుకొచ్చి నా ఒళ్లేసింది. గప్పటి సంది దాన్ని నాది అని ఒక్కపారి అనలే. అంటె ఇనే దిక్కు ఇంటది, దీన్ని గూడ తీస్కపోతదని భయం. నిద్రపోయినంక ముక్కుకాడ ఏలు పెట్టి సూస్త, ఊపిరి ఆడుతున్నదా లేదా అని. ఇగ నన్ను అనుమంటవా?"

పిల్లను దక్కించుకోవడానికి తల్లి నాది కాదంటోంది. తల్లిని పోగొట్టుకోకుండా ఉండడానికి పిల్ల తిండి మానేసింది. ఇద్దరిదీ ఒకే భయం. ఆ భయాన్ని మూఢనమ్మకం అని కొట్టిపారేసే ధైర్యం, ముగ్గుర్ని మట్టిలో పెట్టిన ఆమె ముందు కూర్చుని నాకు రాలేదు. మా ప్రొఫెసరుగారైతే ఏమనేవారో నాకు తెలియదు, ఆయన హైదరాబాదులో ఉన్నారు.

అప్పుడు నాకొకటి తోచింది. నీలవ్వను పిలిచాను. "అవ్వా, ఈ పిల్లను నువ్వు కొన్నావు కదా. కొన్నదాన్ని తిరిగి అమ్మొచ్చా?" అన్నాను.

నీలవ్వకు అర్థమైంది. గుమ్మంలోనే నిలబడిపోయింది. "కొన్నదాన్ని ఎందుకమ్ముత?" అంది కటువుగా.

"నువ్వు అందరి ముందూ అమ్మితే, ఈమె అందరి ముందూ కొంటుంది. కొనుక్కున్నదాన్ని నాది అనుకోవడంలో తప్పేముంది? ఏ దిక్కు విన్నా ఏమంటుంది?"

అనంతమ్మ తలెత్తి చూసింది. ఆమె కొంగు నోటి మీంచి జారింది. కానీ నీలవ్వ తన ఇంట్లోకి వెళ్లి తలుపు వేసుకుంది. పిల్లలు లేని మనిషికి చాటెడు తవుడుతో దొరికిన ఒక్క వరస అది. వేళాకోళం అని మనం అనుకున్నాం గానీ, ఆమె ఆ పిల్లను తన బిడ్డ అన్న ప్రతిసారీ మనస్ఫూర్తిగానే అంది. ఆ వరసను వదులుకోమని అడిగింది నేనే, అడిగాక నాకు చాలా బాధేసింది.

సాయంత్రం పెంటమ్మ బడి నుంచి వచ్చే వేళకు నీలవ్వ తలుపు తీసింది. పిల్లను దగ్గరికి పిలిచి, బుగ్గలు తడిమి, ఎముకలు తగిలాయేమో, చెయ్యి వెనక్కి తీసుకుంది. "నిన్ను మీ అమ్మకు అమ్మేస్తె నా ఇంటికి వస్తవా?" అని అడిగింది.

పెంటమ్మకు ఏమీ తెలియదు. బెదిరిపోయి నా వైపు, తల్లి వైపు చూసింది. "రోజు వస్త అవ్వా. నీ జడ నేనే ఏస్త" అంది.

నీలవ్వ లోపలికి వెళ్లి చాట తెచ్చింది. ఆ రోజు తవుడు పోసిన చాట అదేనట. వాడకట్టు ఆడవాళ్లు పోగయ్యారు. మొగులప్ప గని నుంచి వచ్చి ఇదంతా చూసి నవ్వబోయాడు. అతని నవ్వును నేను ఒక్క చూపుతో ఆపాను, నా చూపు అంత మంచిది కాదని ఊళ్లో పేరుండేది. నీలవ్వ ఖాళీ చాట నేల మీద పెట్టి, పక్కన పెంటమ్మను నిలబెట్టింది.

"నా బిడ్డనమ్ముతున్న. కొంటవా?" అంది అనంతమ్మతో.

అనంతమ్మ ఇంట్లోకి వెళ్లింది. తవుడు తెస్తుందనుకున్నారందరూ. ఆమె కందుల కుండ ఎత్తుకుని వచ్చింది. కోతలకు వెళ్లి కూలికి తెచ్చుకున్న కందులు, ఏడాది పొడుగునా పప్పుకు అవే. చాటలో పోయడం మొదలుపెట్టింది. చాట నిండి కందులు కిందకు జారుతున్నాయి, ఆమె ఆపడం లేదు.

పెంటమ్మ వంగి ఆమె చెయ్యి పట్టుకుంది. "గన్ని ఎందుకమ్మా? తమ్మునికి ఉండొద్దా? జరంత తిరిగి తీస్కో."

"ఉండని" అంది అనంతమ్మ. కుండ బోర్లించేసింది. నాలుగు దిక్కులా ఒకసారి చూసింది, ఎవరో వింటున్నట్టు. తర్వాత గట్టిగా, వాడకట్టంతా వినేటట్టు అంది: "ఇది నా కడుపున పుట్టింది. దీన్ని నేను కన్న. నాకు గావాలె."

పెంటమ్మ కదలలేదు. "మరి పెంట మీద ఎందుకు పెట్టినవ్?" అంది.

"నువ్వు బతకాలని పెట్టిన."

"తమ్ముణ్ని పెట్టలే గదా?"

"నువ్వు బతికినవు. నువ్వు బతికినంక నా భయం సగం పోయింది, అందుకే వాణ్ని పెట్టలే" అంది అనంతమ్మ. చేతులు చాచింది. "రా బిడ్డా."

తొమ్మిదేళ్లలో మొదటిసారి ఆ మాట తల్లి నోట విన్నది ఆ పిల్ల. అప్పుడు కూడా పరుగెత్తుకు పోలేదు. ఒక్కో అడుగూ వేసుకుంటూ వెళ్లి, తల్లి పొట్టకు మొహం ఆనించి నిలబడింది. తర్వాత అక్కడి నుంచే, తల ఎత్తకుండా, చిన్న గొంతుతో అంది.

"అమ్మా, ఆకలైతున్నది."

ఆ రోజు బండి అందుకోవడానికి నేను పరుగెత్తాల్సి వచ్చింది. జొన్నరొట్టె చేతిలో పట్టుకుని ఆ పిల్ల తింటుంటే చూస్తూ కూర్చున్నాను మరి.

అంతటితో అన్నీ సర్దుకున్నాయని చెబితే అబద్ధం. చాలా వారాలు పెంటమ్మ సగం రొట్టె పక్కన దాచేది. ఒళ్లు రావడానికి వర్షాకాలం పట్టింది. మొగులప్ప నాలుక మీదికి ఆ పాత వేళాకోళం వచ్చేది, మధ్యలో కరుచుకునేవాడు. అనంతమ్మ అయితే నేను ఎప్పుడు వెళ్లినా ముందు కూతుర్ని నా ముందుకు తోసి, "బతికే ఉన్నది డాక్టరమ్మా" అని గుండెల మీద చెయ్యి వేసుకునేది. కొన్నాళ్లకు ఆ మాట మానేసి, బడిలో అది చేసే అల్లరి మీద ఫిర్యాదులు మొదలుపెట్టింది. ఆ ఫిర్యాదులు వింటుంటే నాకు జీతం పెరిగినంత సంతోషం వేసేది.

నీలవ్వ ఆ చాటెడు కందులు ఇంట్లో పోసుకోలేదు. వారానికోసారి గుప్పెడేసి నానబెట్టి, ఉప్పూ కారం వేసి గుడాలు ఉడికించి, జడ వేయడానికి వచ్చిన పెంటమ్మకే పెట్టేది. నాకూ దోసిట్లో పోసింది ఒకసారి. "నా మగళును అమ్ముకున్న సొమ్ము నేనెట్ల తింట? ఆ పిల్లనే తినాలె" అంది.

ఆ తర్వాత ఎన్నో ఏళ్లు, ఎన్నో ఊళ్లలో ఇదే పని చేశాను. చదువులో నేర్పని ఒక ప్రశ్నను నా కేస్ హిస్టరీలో చేర్చుకున్నాను. పిల్ల ఏం తింటుంది, ఎలా నిద్రపోతుంది అని అడిగాక, ప్రతి ఇంట్లోనూ అడిగేదాన్ని: "ఈ పిల్లను మీరు ఏమని ఆటపట్టిస్తారు?" ఆ ప్రశ్నకు పెద్దవాళ్లందరూ ముందు నవ్వుతారు, నవ్వుతూనే చెబుతారు. వాళ్లు చెబుతున్నంతసేపూ నేను పిల్ల మొహం చూస్తూ కూర్చుంటాను.